రింగు వల: కొలవాల్సింది దూరాన్నా, వల కన్నునా?

తెప్పలోళ్ల అబ్బాయి:
మాది విశాఖలో పెదజాలరిపేట వైపు. నాన్నది తెప్ప, కవళ్ల (సార్డిన్ చేపల) వల. నాకు గాజువాకలో ఉద్యోగం, సముద్రం ఆదివారాలే. 2022 జనవరిలో రింగు వలలవాళ్లకీ (చేపల మంద చుట్టూ తిప్పి అడుగున మూసేసే పెద్ద వలలు) మామూలు వలలవాళ్లకీ సముద్రంలో గొడవై పడవలు తగలబడ్డాయి, పేటల్లో 144 సెక్షన్ పెట్టారు, గుర్తుందా? అప్పటి నుంచి మా ఇంట్లో ఇదే వాదన. రింగులు మొత్తం ఆపించాలంటాడు నాన్న. నేనంత దూరం వెళ్లను. రింగులు ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల వేయకూడదంటారు, కానీ నీళ్ల మీద ఆ గీత ఎవరికి కనిపిస్తుంది? వల కన్ను, అంటే అల్లికలో ఒక్కో సందు, ఐతే ఒడ్డునే కొలవొచ్చు. 15 మిల్లీమీటర్ల కన్నా చిన్నదైతే ఆ వల పడవ ఎక్కకూడదు. అంతే. ఏమంటారు?

బీచ్‌రోడ్డు గేలం:
సముద్రం ఎవరబ్బ సొత్తండీ? ఎవరికి దొరికింది వాళ్లది. లేదా అడవిలో వేటని 1972లో చట్టం పెట్టి ఆపలేదా, ఇక్కడా ఓ పదేళ్లు ఆపేస్తే సరి. చేపలే పెరుగుతాయి.

తెప్పలోళ్ల అబ్బాయి:
గురువుగారూ, మీరు సరదాకి గేలం వేస్తారు. మావాళ్లు వేటకెళ్లి వస్తేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఇప్పటికే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధమని మర పడవలు కదలవు. ఆ రెండు నెలలకే పుస్తెలు తాకట్టుకెళ్తాయి. పదేళ్లంట!

రింగులో వాటా:
నాకు రింగు వలలో వాటా ఉంది. అందరూ మమ్మల్ని దొంగల్లా చూస్తున్నారు కాబట్టి చెప్తున్నా. నీరు నల్లబడి, పైన పిట్టలు తిరుగుతుంటే మంద ఉన్నట్టు. పడవ దాని చుట్టూ తిరుగుతూ వలని గోడలా దింపుతుంది. అడుగున రింగులు, వాటిలోంచి తాడు. తాడు లాగితే సంచి మూతి బిగించినట్టు కింద మూసుకుపోతుంది. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, మా పడవ మీద 30 మంది బతుకుతున్నారు. వల అప్పు తెచ్చి కొన్నది. మరి కవళ్ల మందకి 8 కిలోమీటర్ల అవతలే ఉండమని ఎవరు చెప్పారు? మూడు కిలోమీటర్లలో మెరుస్తుంటే చూస్తూ వెనక్కి రావాలా? రాత్రిళ్లు ట్రాలర్లు (వల ఈడ్చుకెళ్లే పెద్ద మర పడవలు) లోపలికొచ్చి మీ వలలే తెంపుకుపోతాయి, వాళ్లని ఒక్కరూ అడగరు. మేం పక్క పేటవాళ్లం కాబట్టి కంటికి ఆనుతున్నాం.

తెప్పలోళ్ల అబ్బాయి:
ట్రాలర్ల మాట నిజం అన్నా, కాదనను. వల తెగిపోయిన రోజు నాన్న అన్నం తినలేదు. కానీ మొన్న ఒడ్డున ఓ రింగు వల గుట్ట మీద కూర్చున్నా. కన్నులో నా చిటికెన వేలు దూరలేదు. అందులో ఓ కానాగంత చేప పిల్ల ఇరుక్కుని ఎండిపోయి ఉంది. అగ్గిపెట్టె అంత పొడవు కూడా లేదు. అది రేపు ఎవరి వలలో పడాల్సింది?

పాత ఫైలు:
ఇద్దరికీ ఓ మాట. రాష్ట్రంలో సముద్రపు వేటకి 1994 నుంచీ చట్టం ఉంది. లేనిది కాపలా. ఇక గీత కనిపించదన్నది పూర్తిగా ఒప్పుకోను. తమిళనాడులో ఇలాంటివే పర్సు సీన్ వలల కేసులో సుప్రీంకోర్టు 2023 జనవరిలో మధ్యంతర ఉత్తర్వులిచ్చింది. 12 నాటికల్ మైళ్ల అవతల, సోమ, గురువారాల్లో మాత్రమే, ఉదయం 8 నుంచి సాయంత్రం 6 దాకా. పడవలో ట్రాకింగ్ పరికరం తప్పనిసరి. అంటే ఎక్కడ వేశారో ఒడ్డున కూర్చునే చూడొచ్చు.

తెప్పలోళ్ల అబ్బాయి:
ఆ లెక్కన 22 కిలోమీటర్లు దాటాలి. అంత దూరం కవళ్ల కోసం ఎవరెళ్తారు సార్? డీజిల్ డబ్బులు కూడా రావు. పైగా పరికరం స్విచ్ కట్టేస్తే ఏ తెరలో చూస్తారు?

చేపల తట్ట:
మగాళ్లంతా గీత, కన్ను అని కొట్టుకుంటున్నారు. రేవులో రేటు సంగతి ఎవరికీ పట్టదా? మా అమ్మ 20 ఏళ్లుగా తట్ట నెత్తిన పెట్టుకుని అమ్ముతోంది. రింగు పడిన రోజు ఇసక మీద గుట్టలే గుట్టలు, వేలం పాట సగానికి పడిపోతుంది. "ఇయ్యాల ఎవులూ కొనరే, ఉప్పేసి ఎండబెట్టుకోడమే" అంటుంది. పెద్దవి ఏరుకోగా మిగిలిన పిల్లలన్నీ మేత ఫ్యాక్టరీల లారీ ఎక్కుతాయి. నన్నడిగితే ఆ లారీని ఆపండి. పిల్ల చేపకి కొనేవాడే లేకపోతే చిన్న కన్ను వల మీకు మాత్రం ఎందుకు?

బీచ్‌రోడ్డు గేలం:
ఇది నాకు తట్టలేదు సుమండీ. పదేళ్ల మాట వెనక్కి తీసుకుంటున్నా.

రింగులో వాటా:
చెల్లెమ్మా, లారీవాడు ముందే అడ్వాన్సు ఇస్తాడు, వాడి బాకీ తీరాకే మా వాటాలు. ఆపమనడం తేలికే. తమ్ముడూ, నువ్వు కూర్చున్న వల మాది కాదు. ఈ ఆదివారం పొద్దున్న 6కి రా, మాది ఇసకలో ఆరేసి ఉంటుంది. స్కేలు నువ్వే తెచ్చుకో. మీ నాన్ననీ తీసుకురా.

తెప్పలోళ్ల అబ్బాయి:
తెస్తా అన్నా. ఆయన మాట్లాడతాడని మాత్రం హామీ ఇవ్వలేను.