నిర్బంధం: ఒక ప్రతిపక్ష ఎంపీ లేఖలో రెండు చోట్ల ఒకే మాట

ప్రశ్న (కాల్గరీ నుంచి ఒక సభ్యురాలు)

గ్రూపులోని పెద్దలందరికీ నమస్కారం. కెనడాలో పార్లమెంటు సభ్యులు తమ నియోజకవర్గంలోని ఇళ్ళన్నిటికీ ఏడాదిలో నాలుగు సార్ల వరకు పార్లమెంటు ఖర్చుతో సమాచార పత్రాలు పంపుకోవచ్చు. మా వైపు గెలిచేది ఎక్కువగా కన్సర్వేటివ్ పార్టీ వారే కనుక, 2015 చివరి నుంచి మా ఇంటికి వచ్చేదంతా ప్రతిపక్షం మాటే. ఇంగ్లీషు చదవలేని పెద్దవారి కోసం 2022, 2023 నాటి లేఖల సారాంశాలను అప్పట్లో తెలుగులో రాసి ఇచ్చేదాన్ని. ఇప్పుడు మా సంఘం వారు వాటిని ఒక సంచికగా వేస్తామంటున్నారు కాబట్టి పాత అనువాదాన్ని సరిచూస్తున్నాను.

ఆ లేఖలలో ఎక్కువ చోటు రెండు విషయాలదే: హింసాత్మక నేరాలు, బెయిలు చట్టం ఒకటి, కోవిడ్ కాలంలో ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం పెట్టిన టీకా నియమాలు రెండవది. మొదటి భాగంలో నేను, పదేపదే హింసకు పాల్పడే నేరస్థులను విచారణ ముగిసేదాకా "నిర్బంధంలో ఉంచాలి" అని రాశాను. పేజీ తిప్పితే "నిర్బంధ టీకా విధానాన్ని" మా ఎంపీ ఖండిస్తున్నట్టు ఉంది. అచ్చుప్రతి చదివిన మా బాబాయిగారు, "ఇంతకీ ఈయనకు నిర్బంధం కావాలా, వద్దా?" అని అడిగారు. ఇంగ్లీషు లేఖలో ఈ రెండు చోట్ల వేర్వేరు మాటలున్నాయి. ఒకే మాట వాడింది నేను. ఎక్కడ మార్చాలో, ఏ మాట పెట్టాలో చెప్పగలరు.

సమాధానం (రాజమహేంద్రవరం నుంచి, విశ్రాంత కోర్టు అనువాదకులు)

అమ్మా, ఈ మాటతో నాకు ఉద్యోగ కాలం నుంచీ పేచీయే. సంస్కృతంలో నిర్బంధమంటే పట్టుదల, అడిగినది వదలకుండా అడగడం. ఆ ఛాయ తెలుగులో ఇప్పటికీ పోలేదు. "భోంచేసి వెళ్ళమని నిర్బంధించారు" అంటే తలుపు గడియ పెట్టారని ఎవరూ అనుకోరు. ఆ పట్టుదల నుంచి బలవంతం వచ్చింది, బలవంతం నుంచి చట్టం చెప్పే తప్పనిసరితనం వచ్చింది, చివరికి మనిషిని ఒకచోట కదలనివ్వకుండా ఉంచడం దాకా అర్థం పాకింది. ఇరుగుపొరుగు భాషలు ఈ దారిలో తలా ఒక మజిలీలో ఆగిపోయాయి. మలయాళంలో అది మొండిపట్టు లేదా తప్పనిసరి. మరాఠీలో ఆంక్ష, అందుకే 2021లో మహారాష్ట్రలో కోవిడ్ ఆంక్షలన్నిటినీ అక్కడి పత్రికలు ఈ మాటతోనే రాశాయి. తెలుగువాళ్ళం మాత్రం అన్ని అర్థాలనూ ఒకే మూటలో కట్టి పెట్టుకున్నాం. 2009 చట్టం గురించి చెబుతూ "ఉచిత నిర్బంధ విద్య" అంటే ఏ తల్లీ బెదిరిపోదు. "ముందస్తు నిర్బంధం" అన్నామా, అది పీడీ యాక్టు, ఏడాది దాకా బయటికి రానివ్వని వ్యవహారం. "గృహ నిర్బంధం" అంటే చలో కలెక్టరేటుకు ముందురోజు తెల్లవారుజామున నాయకుడి గుమ్మం ముందు ఆగిన పోలీసు జీపు. 2020లో "స్వీయ నిర్బంధం" అని మరొకటి కలిసింది. విమానం దిగినవాళ్ళు మేడమీది గదిలో పద్నాలుగు రోజులు గడపడానికి పత్రికలు పెట్టిన పేరు అది.

కాబట్టి మీ బాబాయిగారి ప్రశ్నకు కారణం చాలావరకు ఈ మూటే. అయినా కొంచెం ఆ లేఖలోనూ ఉన్నదని నా అభిప్రాయం. హింసాత్మక కేసుల్లో ఉన్నవారి మీద ప్రభుత్వం చెయ్యి బిగించాలనీ, చట్టానికి లోబడి బతికేవారి మీద సడలించాలనీ ఆ పార్టీ వాదన. వారి దృష్టిలో ఇందులో వైరుధ్యమేమీ లేదు. తెలుగులో రెండు చోట్లా ఒకే మాట వేస్తే లేని వైరుధ్యాన్ని మనం ఆయనకు అంటగట్టినట్టవుతుంది.

ముందు నేరాల భాగం చూద్దాం. కెనడా హక్కుల చార్టరులో 11వ సెక్షను ఇ ఖండం ప్రకారం, న్యాయమైన కారణం లేకుండా ఎవరికీ సహేతుకమైన బెయిలు నిరాకరించరాదు. 2019లో సి-75 అనే చట్టం దీనికి ఇంకొంత ఊతమిచ్చి, నిందితుడిని వీలైనంత త్వరగా, అవసరమైనంత తక్కువ షరతులతో విడుదల చేయడానికే పోలీసులూ న్యాయమూర్తులూ మొగ్గు చూపాలని చెప్పింది. ప్రతిపక్షం దాడి అంతా దీని మీదనే. 2022 డిసెంబరు 27న ఆంటారియోలోని హేగర్స్‌విల్ దగ్గర ఒక పోలీసు కానిస్టేబులును కాల్చి చంపిన కేసులో నిందితులలో ఒకరు అప్పటికే వేరే కేసులో బెయిలు మీద బయట ఉండి, కోర్టుకు రాక వారెంటు జారీ అయిన వ్యక్తి. ఆ తరువాత 2023 జనవరి 13న పదమూడు రాష్ట్రాల, ప్రాంతాల ముఖ్యమంత్రులు పార్టీ భేదం లేకుండా అప్పటి ప్రధాని ట్రూడోకు లేఖ రాశారు. చివరికి ప్రభుత్వమే సి-48 బిల్లు తెచ్చింది. దిగువ సభ దానిని ఏకగ్రీవంగా ఆమోదించింది. 2024 జనవరి 4 నుంచి అది అమలులోకి వచ్చింది. ఆయుధంతో హింసకు పాల్పడినట్టు ఆరోపణ ఉండి, గత అయిదేళ్ళలో అటువంటి నేరానికే శిక్ష పడినవారి విషయంలో, బెయిలు ఎందుకు ఇవ్వాలో ఇకమీద నిందితుడే కోర్టుకు చెప్పుకోవాలి.

దీనంతటిలో నిర్బంధమనే మాటకు చోటు లేదు. మన చట్టాల పరిభాషలో ఆ మాటకు అభియోగమూ విచారణా లేకుండా పట్టి ఉంచారన్న వాసన పట్టుకుంది. కెనడా లేఖలో మాట్లాడుతున్నది అభియోగం మోపబడి, న్యాయమూర్తి ముందు నిలబడ్డ మనిషి గురించి. అటువంటి మనిషిని జైల్లో ఉంచడానికి మన కోర్టులో, బజారులో, టీవీలో అందరికీ తెలిసిన మాట రిమాండు. ఆ మనిషి విచారణ ఖైదీ. "విచారణ ముగిసేదాకా రిమాండులోనే ఉంచాలి" అని రాయండి, మీ బాబాయిగారికి ఒక్క క్షణంలో అర్థమవుతుంది.

ఆ వాక్యంలోనే ఇంకొక చిక్కు ఉంది. మీరు "నేరస్థులు" అని రాశారు. పాత కేసులో శిక్షపడిన మనిషి ఆ కేసు వరకు నేరస్థుడే, కొత్త కేసులో మాత్రం ఇంకా నిందితుడే. ప్రతిపక్షం ఈ రెండు దశలనూ కలిపి ఒకే మాటతో చెప్పడానికి ఇష్టపడుతుంది, వాదనకు బలం వస్తుంది కనుక. తెలుగులో "పాత నేరస్థుడైన నిందితుడు" అంటే రెండూ నిలుస్తాయి. "ముద్దాయి" వద్దు, అది నాకెంతో ఇష్టమైన మాటే, కాని అరబీ నుంచి ఉర్దూలోకి వచ్చినప్పుడు దావా వేసినవాడని దాని అర్థం, తెలుగు కోర్టు గుమ్మం ఎక్కేసరికి బోనులో నిలబడ్డవాడైపోయింది. కాల్గరీలో ఉర్దూ తెలిసిన పొరుగువారికి మీ సంచిక చదివి వినిపిస్తే కథ తలకిందులవుతుంది.

కన్సర్వేటివ్ పార్టీ నాయకుడు పియెర్ పొలియెవ్ నినాదం ఆ లేఖలలో తప్పక ఉండి ఉంటుంది. దానికి అనువాదం వెతకనక్కరలేదు. "బెయిలు కాదు, జైలు" అంటే తెలుగులోనూ ప్రాస చక్కగా కుదురుతుంది, ఎందుకంటే ఆ రెండు మాటలూ మనవైపోయి ఎన్నో తరాలైంది. అయితే పత్రిక చదివే తెలుగువాడి చెవిలో దానికి ఎదురుమాట ముందే ఉంది. 1977లో బాల్‌చంద్ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ చెప్పిన సూత్రం, "బెయిలు నియమం, జైలు మినహాయింపు" అని మన పత్రికలలో వందల సార్లు అచ్చయింది. అదే ఏడాది ఆయన ముందుకు ఆంధ్రప్రదేశ్ నుంచి గుడికంటి నరసింహులు కేసు వెళ్ళింది. సెషన్స్ కోర్టు నిర్దోషులని వదిలిపెట్టగా హైకోర్టు శిక్ష వేసినవారికి, అప్పీలు తేలేదాకా ఆయన షరతులతో బెయిలిచ్చారు. మీ పాఠకులలో కొందరు ఈ నినాదం చూడగానే అచ్చుతప్పేమో అనుకుంటారు. సంచికలో ఒక్క వాక్యం వివరణ ఇవ్వడం మంచిది.

ఇక టీకా భాగం. కెనడా ఫెడరల్ ప్రభుత్వం ఎవరినీ చెయ్యి పట్టుకుని సూది పొడవలేదు. టీకాను ఒక షరతుగా పెట్టింది. 2021 అక్టోబరు 30 నుంచి విమానం, రైలు ఎక్కాలంటే టీకా ఉండాలి. నవంబరు 15 నుంచి, టీకా వేయించుకోని ఫెడరల్ ఉద్యోగులను జీతం లేని సెలవులో పంపారు. 2022 జనవరి 15న సరిహద్దు దాటే లారీ డ్రైవర్లకు అంతవరకూ ఉన్న మినహాయింపు పోయింది, ఆ తరువాతే రాజధాని అటవా వీధులు నిరసనకారుల లారీలతో నిండాయి. ప్రయాణికులు, ఉద్యోగుల మీద షరతులను అదే ఏడాది జూన్ 20న పక్కన పెట్టారు. ఇవన్నీ చెప్పడానికి "తప్పనిసరి టీకా నిబంధన" సరిపోతుంది. నిర్బంధమనే మాట ఈ కథలో అతికినట్టు కుదిరే చోటు వేరే ఉంది: 2021 ఫిబ్రవరి 22 నుంచి ఆగస్టు 9 వరకు విదేశాల నుంచి విమానంలో దిగినవారు సొంత ఖర్చుతో ప్రభుత్వం చూపిన హోటల్లో మూడు రాత్రులకు గది తీసుకుని, పరీక్ష ఫలితం వచ్చేదాకా అక్కడే ఉండవలసి వచ్చింది. దానిని "హోటల్ నిర్బంధం" అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

స్పందన (విజయవాడ నుంచి, పత్రికా డెస్కులో పనిచేసే సభ్యుడు)

మాస్టారూ, నేరాల భాగం వరకు మీరు చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. టీకా దగ్గర నాకు సందేహం ఉంది. ఇది ప్రభుత్వ గెజిటు కాదు, ప్రతిపక్ష ఎంపీ తన ఓటర్లకు రాసుకున్న లేఖ. ఉద్యోగం పోతుందన్న భయంతో టీకా వేయించుకున్నవాడికి అది షరతులా అనిపించి ఉండదు, బలవంతంలాగానే అనిపించి ఉంటుంది. ఆ మనిషి తరఫున మాట్లాడుతున్నాననే కదా ఆ ఎంపీ చెప్పేది. "తప్పనిసరి నిబంధన" అనగానే ఆయన గొంతు చల్లారిపోతుంది. మన దగ్గర 2022 మేలో సుప్రీంకోర్టు ఎవరినీ టీకా కోసం బలవంతపెట్టరాదని చెప్పినప్పుడు మా డెస్కులో "నిర్బంధ టీకా కుదరదు" అనే శీర్షికే అందరికీ బాగుందనిపించింది. అక్కడ చెల్లిన మాట ఇక్కడ ఎందుకు చెల్లదు?

ఇంకొక మాట. ఆ లేఖలలో, లారీల నిరసనను ఆపడానికి 2022 ఫిబ్రవరి 14న ట్రూడో ప్రయోగించిన చట్టం ప్రస్తావన ఉండకుండా ఉండదు. దానిని "ఎమర్జెన్సీ" అని రాయవచ్చునా?

మళ్ళీ సమాధానం

నాయనా, గొంతు చల్లారకూడదన్న మాట న్యాయమే. అయితే ఆయన ఎక్కడ వేడెక్కాడో అక్కడే మన మాటా వేడెక్కాలి. లేఖలో విధానాన్ని పేరు పెట్టి చెప్పే చోటు ఒకటి, దానిని నిందించే చోటు మరొకటి. పేరు చెప్పే చోట ప్రభుత్వమూ ప్రతిపక్షమూ ఇంగ్లీషులో ఒకే మాట వాడాయి కాబట్టి అక్కడ "తప్పనిసరి" ఉండాలి. నిందించే చోట మీరు ఇప్పుడే వాడిన "బలవంతం" ఉంది. "బలవంతపు టీకా" అంటే కోపం పూర్తిగా వినబడుతుంది, జైలు వాసన మాత్రం రాదు. మీ శీర్షికకు నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే ఆ వార్త పక్కన బెయిలు వార్త లేదు. ఇక్కడ రెండూ ఒకే కాగితానికి ముందూ వెనుకా ఉన్నాయి.

కాల్గరీ పాఠకులకు ఇంకొక కారణం కూడా ఉంది. ఆ రోజుల్లో తెలుగు కుటుంబాలను ఎక్కువగా బాధించినవి టీకా వేయించుకోమన్న ఒత్తిడి కంటే వేరే నియమాలు. 2021 ఏప్రిల్ 22 నుంచి సెప్టెంబరు చివరి వారం దాకా మన దేశం నుంచి నేరు విమానాలు ఆపేశారు. హైదరాబాదులో తయారైన కొవాగ్జిన్ రెండు మోతాదులూ తీసుకున్న తల్లిదండ్రులను కూడా ఆ ఏడాది నవంబరు 30 వరకు టీకా లేనివారి కిందే లెక్కగట్టారు. వారికి టీకా అంటే అభ్యంతరం లేదు, తమ టీకాను ఒప్పుకోలేదన్నదే బాధ. "నిర్బంధ టీకా" అని రాస్తే ఆ పెద్దవారికి తమ అనుభవం అందులో ఎక్కడా కనబడదు. "తప్పనిసరి టీకా" అంటే కనబడుతుంది.

ఎమర్జెన్సీ విషయం. మన పెద్దవారికి ఆ మాట వినగానే 1975 జూన్, మీసా చట్టం, అర్ధరాత్రి అరెస్టులు గుర్తుకొస్తాయి. అసలు సిసలు నిర్బంధమంటే అదీ. కెనడా వారిది 1988 నాటి చట్టం, ఎన్నడూ వాడనిదాన్ని అప్పుడు తొలిసారి వాడి, తొమ్మిది రోజులకు, అంటే ఫిబ్రవరి 23న ఉపసంహరించారు. హక్కుల చార్టరు ఆ తొమ్మిది రోజులూ అమలులోనే ఉంది. దాని ప్రయోగం చట్టం కోరిన స్థాయికి తగినదేనని 2023 ఫిబ్రవరిలో జస్టిస్ రూలో విచారణ సంఘం తేల్చింది. సహేతుకం కాదని 2024 జనవరి 23న ఫెడరల్ కోర్టులో జస్టిస్ మోస్లీ తీర్పు చెప్పారు. మీ లేఖల నాటికి రెండవది ఇంకా రాలేదు, ఆ తరువాత ప్రతిపక్షం దానినే పట్టుకుంది, అది వారి హక్కు. మనం "అత్యవసర అధికారాల చట్టం" అని రాసి, పక్కన తేదీలు వేస్తే చాలు.

అమ్మా, మీ రెండు వాక్యాలూ ఇలా ఉండవచ్చు. మొదటిది: "పాత నేరస్థులైన నిందితులను, హింసాత్మక కేసుల్లో, విచారణ ముగిసేదాకా రిమాండులోనే ఉంచాలని మా పార్టీ కోరుతున్నది." రెండవది: "తప్పనిసరి టీకా నిబంధన వలన ఉద్యోగాలకు, ప్రయాణాలకు దూరమైనవారి పక్షాన మేము నిలబడ్డాము, ఈ బలవంతం మళ్ళీ రాకూడదు." రెండవ వాక్యంలో "బలవంతం" ఉంచాలా వద్దా అన్నది ఇంగ్లీషు మూలంలో ఆ చోట ఆయన ఎంత ఘాటుగా అన్నారో చూసి మీరే తేల్చండి, మూలం నా ముందు లేదు.