ఓటింగ్ గెలిచాం, ఈబీఏ మాత్రం ఆగింది. తెలిసినవాళ్లు చెప్పండి

గోదారోడు (మెల్‌బోర్న్):
రాత్రి ఎనిమిదింటి నుంచి దీంతోనే కుస్తీ, ఇప్పుడు ఒంటిగంట. మా వేర్‌హౌస్‌లో కొత్త ఈబీఏకి (జీతాలు, పని షరతుల మీద కంపెనీకీ ఉద్యోగులకీ మధ్య ఒప్పందం) ఓటింగ్ అయింది, గెలిచాం. ఆమోదం కోరే ఎఫ్16 ఫారం నింపి, కంపెనీ తరఫు డిక్లరేషన్ జతచేసి పంపాను. ఈ ఒప్పందాలను ఆమోదించే ఫెయిర్ వర్క్ కమిషన్, నోటీసు (చర్చలకి తమ ప్రతినిధిని పెట్టుకోవచ్చని ఉద్యోగులకి ఇచ్చేది) తేదీల మీద వివరణ అడిగింది. ఫారంలో రాశాను కదా, ఇంకేం వివరణ? హెచ్ఆర్ మేడమ్ సెలవులో ఉంది, అంతా నా నెత్తినే పడింది.

రమణ (సిడ్నీ):
నోటీసు ఎప్పుడు? ఓటింగ్ ఎప్పుడు?

పటాన్‌చెరు పెద్దాయన:
బాబూ, మా రోజుల్లో ఇంత తతంగం లేదు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం కింద లేబర్ ఆఫీసర్ ముందు సెక్షన్ 12(3) సెటిల్‌మెంట్ రాసుకుంటే యూనియన్‌లో లేనివాళ్లకూ వర్తించేది. బయట రాసుకున్న 18(1) అయితే ఒప్పుకున్నవాళ్ల వరకే.

రమణ:
పెద్దాయనా, అతనిది ఆస్ట్రేలియా.

చందు:
ముందు ఈబీఏ అనడం మానండి. 2009 ఫెయిర్ వర్క్ చట్టంలో ఉన్న మాట ఎంటర్‌ప్రైజ్ అగ్రిమెంట్. అసలు కీలకం బూట్ (కాళ్లకి తొడిగేది కాదు, బెటర్ ఆఫ్ ఓవరాల్ టెస్ట్). అవార్డు (ఆ రంగానికి పెట్టిన కనీస జీతాలు, షరతులు) కింద వచ్చేదానికన్నా మొత్తమ్మీద మెరుగ్గా ఉండాలి. గంట రేటు కాస్త పెంచి ఆదివారం పెనాల్టీ (ఆ రోజు పనికి ఇచ్చే అదనపు రేటు) ఎత్తేస్తే, ఆదివారాలే పనిచేసే క్యాజువల్ ఉద్యోగి మునిగిపోతాడు. మీ రోస్టర్లు (డ్యూటీ పట్టికలు) పెట్టండి.

గోదారోడు:
రోస్టర్లు ఎవరూ అడగలేదన్నా. మా సైట్‌లో అందరూ ఈబీఏ అనే అంటారు. నోటీసు మార్చి 3, ఓటింగ్ 26. 94 మందిలో 61 మంది వేశారు, 40 అవును.

లక్ష్మి:
94లో 40 సగం కూడా కాదు. గెలిచామంటారేంటి?

చందు:
చెల్లిన ఓట్లలో సగం దాటితే చాలు. వెయ్యనివాళ్లు లెక్కలోకి రారు.

లక్ష్మి:
ఇదేం లెక్కండీ!

రమణ:
అందరికీ 3నే ఇచ్చారా?

గోదారోడు:
ఆఁ. లీవులో ఉన్న ముగ్గురికి మాత్రం వచ్చాక 10న ఇచ్చాను. ముగ్గురే కదా.

రమణ:
అదే తిరకాసు. చివరి నోటీసు నుంచి కనీసం 21 రోజులు ఆగాలి. మీది 16. ఆ ముగ్గురికీ నష్టం జరగలేదని చూపిస్తే, చిన్న ప్రొసీజర్ పొరపాటుగా వదిలేసే వీలు కమిషన్‌కి ఉంది. ఉన్నదున్నట్టు రాయండి. కుదరకపోతే దరఖాస్తు వెనక్కి తీసుకుని మళ్లీ ఓటింగ్.

గోదారోడు:
మళ్లీనా! ఏప్రిల్ నుంచి కొత్త జీతం అని బోర్డు మీద అంటించేశాం కూడా.

చందు:
ఎవరు అంటించమన్నారు? ఆమోదం వచ్చిన ఏడు రోజులకి గానీ అమల్లోకి రాదు.

రమణ:
కంపెనీ తనంతట తానే ముందు పెంచితే ఎవరూ ఆపరు.

పటాన్‌చెరు పెద్దాయన:
మేం అరియర్స్ సంగతి కూడా 12(3)లోనే రాయించేవాళ్లం.

గోదారోడు:
ముగ్గురిలో ఇద్దరు ఓటేశారు, లిస్టులో ఉంది. మూడో అతనికి పొద్దున ఫోన్ చేస్తా. థాంక్స్ రమణ అన్నా, పడుకుంటా.

లక్ష్మి:
ఇంతకీ యూనియన్ వాళ్లు ఎఫ్18 (వాళ్ల తరఫు డిక్లరేషన్) వేశారా?