టోకెన్‌లో కొత్త డిజిటల్ సర్టిఫికెట్ ఉన్నా, సంతకం చేయబోతే పాతదే కనిపిస్తోంది

మాది చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. జీఎస్‌టీఆర్-3బీ అనే నెలవారీ జీఎస్‌టీ రిటర్న్‌ మీద డైరెక్టర్ డిజిటల్ సంతకం తప్పనిసరి. ఆయన సంతకానికి వాడే క్లాస్ 3 డిజిటల్ సర్టిఫికెట్ గడువు ఈ నెల 9న ముగిసింది. 11న వీడియో ధ్రువీకరణ పూర్తిచేసి, కొత్తదాన్ని అదే యూఎస్‌బీ టోకెన్‌లోకి (సర్టిఫికెట్ దాచే పెన్‌డ్రైవ్ లాంటి పరికరం) దించుకున్నాం. టోకెన్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే రెండూ కనిపిస్తున్నాయి. కానీ జీఎస్‌టీ పోర్టల్‌లో కొత్తదాన్ని నమోదు చేయబోతే, సర్టిఫికెట్ ఎంచుకునే చోట గడువు తీరినది ఒక్కటే వస్తోంది.

పాన్ నంబరు, పేరు అక్షరం అక్షరం సరిచూశాను, తేడా లేదు. టోకెన్ డ్రైవర్‌ను, సంతకం చేసే సాఫ్ట్‌వేర్‌ను తీసేసి మళ్లీ వేశాను. బ్రౌజర్ కూడా మార్చాను. విండోస్ 11 సర్టిఫికెట్ల జాబితాలోనూ కొత్తది లేదు; అసలు చిక్కు అక్కడే ఉందని నా అనుమానం.

పాతదాన్ని టోకెన్ నుంచి తొలగించమని ఒకరు చెప్పారు. పొరపాటున కొత్తదాని ప్రైవేట్ కీ (సంతకం చేయడానికి టోకెన్‌లో ఉండే రహస్య సంకేతం) చెరిగిపోతే తిరిగి రాబట్టే దారి లేదు, అందుకే చేతులు రావడం లేదు. రిటర్న్ గడువైన 20వ తేదీ దాటితే రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము, బాకీ పన్నుపై ఏడాదికి 18 శాతం వడ్డీ.

టోకెన్‌ను ఫార్మాట్ చేయకుండా, కొత్త సర్టిఫికెట్‌ను విండోస్ జాబితాలోకి తెచ్చే మార్గం ఎవరైనా చెప్పగలరా?