బరువు తగ్గాలనుకునేవాళ్ళు డ్రైఫ్రూట్స్ ఎంతవరకు తినొచ్చు?

అందరికీ నమస్కారం. మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. అమ్మకు షుగర్ బార్డర్‌లో ఉంది, బరువు తగ్గమన్నారు. పాపం, జంతికలు, మిక్చర్ పూర్తిగా మానేసింది. బదులుగా సాయంత్రం టీ వేళకి స్టీలు డబ్బా తీస్తుంది: నేతిలో వేయించి ఉప్పూకారం చల్లిన జీడిపప్పు, బాదం, కిస్మిస్, రసెల్ మార్కెట్ నుంచి తెచ్చుకున్న మెత్తటి ఖర్జూరాలు. సీరియల్ అయ్యేలోపు డబ్బా సగమవుతుంది.

బలమైన తిండే, కాదనను. కానీ 30 గ్రాముల బాదంలోనే దాదాపు 170 కేలరీలు. ద్రాక్షపళ్ళు 100 గ్రాములకు 70 కేలరీలైతే, నీరు ఇంకిపోయిన కిస్మిస్ 300 దాకా. అమ్మేమో "పళ్ళేగా నాన్నా" అంటుంది. ఆవిడ నోటి దగ్గరది లాక్కోవడం నాకిష్టం లేదు.

ఇంట్లో ఇలాంటివాళ్ళు ఉన్నవారు చెప్పండి: రోజుకి తూచి చిన్న గిన్నెలో పెట్టిస్తే సరిపోతుందా? షుగర్ బార్డర్‌లో ఉన్నవాళ్ళు ఖర్జూరం, కిస్మిస్ పూర్తిగా ఆపాలా, ఒకటి రెండు పర్వాలేదా? ఐదింటి ఆకలికి వేయించిన శనగలు, ఉడికించిన పల్లీలు ఇచ్చి చూసినవాళ్ళుంటే, పెద్దవాళ్ళకి అవి అరిగాయా?