విజయవాడలో పోలీసులు కాకుండా ఇంటికొచ్చి సాయం చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మాది సింగ్‌నగర్. మా పిన్ని కొడుకుకి స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉంది. మందులు వేసుకున్నన్నాళ్లూ బాగానే ఉంటాడు. ఆపేస్తే నిద్ర ఉండదు, ఎవరో చంపడానికి వస్తున్నారని గదిలో గడియ పెట్టుకుంటాడు. ఎవరి మీదా చెయ్యి ఎత్తడు. అయినా ఈమధ్య వాడి అరుపులు విని పక్కింటివాళ్లు 112కి ఫోన్ చేశారు. యూనిఫాం చూడగానే వాడి భయం ఇంకా పెరిగిపోయింది. వచ్చిన కానిస్టేబుళ్లను నేను తప్పుపట్టను, వాళ్ల శిక్షణ వేరు. కానీ వీధంతా చూస్తుండగా వాణ్ణి జీపెక్కించారు. పిన్ని ఇంకా తేరుకోలేదు.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416 మా దగ్గర ఉంది. 24 గంటలూ ఉచితంగా తెలుగులో మాట్లాడతారు, పిన్నికి ధైర్యం చెప్పారు. కానీ గడియ పెట్టుకున్నవాడు ఫోన్ తీసుకోడు కదా! అమెరికాలో యూజీన్ అనే ఊళ్లో 1989 నుంచి దశాబ్దాలపాటు ఇలాంటి కాల్ వస్తే ఒక వైద్య సహాయకుడు, ఒక కౌన్సెలర్ ఆయుధాలు లేకుండా వ్యాన్‌లో వెళ్లేవాళ్లు.

అలా ఇంటికొచ్చే సైకియాట్రిక్ నర్సు గానీ, స్వచ్ఛంద సంస్థ గానీ ఇక్కడైనా, గుంటూరులోనైనా మీకు తెలుసా? 108కి చేస్తే ఏమని చెప్పాలి? ఇంకొకటి, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం తనకు చికిత్స ఎలా జరగాలో వాడు బాగున్నప్పుడే ముందుగా రాసిపెట్టుకోవచ్చు. మన దగ్గర అలా రాయించినవాళ్లు ఉంటే, ఎవరిని కలిశారో దయచేసి చెప్పండి.