బెంగళూరులో అమ్మకు ఒక నాటకం చూపించాలి, ఏది ఎంచుకోవాలి?

తిరుపతి వాసి:

నమస్కారం. శ్రావణ మాసంలో మా తమ్ముడి గృహప్రవేశానికి బెంగళూరుకు వెళ్తున్నాము. శుక్రవారం కార్యక్రమం ముగిశాక సోమవారం రాత్రి దాకా అక్కడే ఉంటాము కనుక, ఆ మూడు రోజుల్లో ఒక సాయంత్రం మా అమ్మకు మంచి నాటకం చూపించాలని ఉంది. ఆమెకు 72 ఏళ్లు. పుత్తూరు దగ్గరి పల్లెలో పుట్టి పెరిగింది. ఎండాకాలంలో ద్రౌపదమ్మ గుడి దగ్గర 18 రోజుల భారతం పెడితే, పగలు హరికథ విని, రాత్రి చాప పరుచుకొని తెల్లవారేదాకా వీధి నాటకం చూసేదట. తపస్సు మాను అనే ఎత్తైన స్తంభం ఎక్కుతూ అర్జునుడు పాడే పద్యాలు ఆమెకు ఇప్పటికీ నోటికి వస్తాయి. నాకు ఆ భాగ్యం లేదు. మహతి ఆడిటోరియంలో కచేరీలు వినడమే తప్ప, టికెట్టు కొని నాటకం చూసిన అనుభవం ఒక్కటీ లేదు.

అమ్మకు తెలుగు, తమిళం బాగా వచ్చు. కన్నడం సగం అర్థమవుతుంది. తొమ్మిదేళ్ల మా అబ్బాయి కూడా వెంట ఉంటాడు. ఏ నాటకం ఎంచుకోవాలి, ఎంత ముందుగా చేరుకోవాలి, ఎక్కడ కూర్చోవాలి అన్నవి నా సందేహాలు. బెంగళూరు సంగతి వదిలేసి, హైదరాబాదుకు తీసుకెళ్లి సురభి వారి నాటకం చూపించడమే మేలని మా బావగారు అంటున్నారు. తెలిసినవారు చెప్పగలరు.

పలమనేరు నుంచి:

ఉద్యోగం వల్ల 12 ఏళ్లుగా బెంగళూరులో ఉంటున్నాను. నగరంలో నాటకానికే కట్టిన మందిరాలలో నేను తరచూ వెళ్లేది జె.పి. నగర్‌లోని రంగశంకర. నటుడు శంకర్ నాగ్ స్మృతిగా, ఆయన భార్య అరుంధతీ నాగ్ చొరవతో 2004లో ప్రారంభమైంది. సోమవారం తప్ప దాదాపు ప్రతి రోజూ ఏదో ఒక నాటకం ఉంటుంది కాబట్టి, మీకు మిగిలేవి శని, ఆదివారాలే. ఆదివారం తరచూ మధ్యాహ్నం 3.30కు కూడా ఒక ఆట ఉంటుంది. పెద్దవారితో, పిల్లవాడితో వెళ్లేవారికి నా సలహా అదే.

మొదట తెలుసుకోవలసిన సంగతి సమయం. రాత్రి 7.30 ఆట అంటే 7.30కే తలుపులు మూస్తారు. ఆ తరువాత ఎవరు వచ్చినా, ఎంత బతిమాలినా లోపలికి పంపరు. నేను మొదటిసారి నాలుగు నిమిషాలు ఆలస్యంగా వెళ్లి, టికెట్టు చేతిలో పట్టుకొని కాఫీ తాగి ఇంటికి వచ్చాను. కోపం వచ్చిన మాట నిజమే. మరుసటి వారం లోపల కూర్చున్నప్పుడు, సన్నివేశం మధ్యలో ఒక్కరూ లేవకుండా, ఒక్క ఫోనూ మోగకుండా నాటకం సాగిపోతుంటే, ఆ నియమం ఎందుకు పెట్టారో బోధపడింది. మన ఊళ్లలో తెల్లవారుజామున వచ్చినా దుర్యోధన వధ అందుతుంది. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు.

కాబట్టి ప్రయాణం చేసిన రోజే ఆట పెట్టుకోకండి. మన బస్సు కోలారు దాటి హోసకోట దాకా అనుకున్న వేళకే వస్తుంది. అక్కడి నుంచి నగరం మొదలవుతుంది, లెక్కలన్నీ తప్పుతాయి. నగరంలోనే ఉన్నా, కనీసం అరగంట ముందు మందిరం దగ్గర ఉండేలా బయలుదేరండి.

టికెట్టు కొనేముందు నాటకం భాష, నిడివి, విరామం ఉందో లేదో, పిల్లల వయసుకు పరిమితి ఉందా అన్నవి చదవండి. విరామం లేని గంటన్నర నాటకానికి అమ్మగారి వయసు వారు వెళ్లేటప్పుడు ఈ చిన్న విషయమే పెద్దదవుతుంది. అక్కడ వరుసలు మెట్లమెట్లుగా పైకి వెళ్తాయి; ఆమెను కింది వరుసల్లోనే, దారి పక్కన కూర్చోబెట్టండి. వేదిక ప్రేక్షకుల్లోకి చొచ్చుకొని వచ్చినట్టుంటుంది కనుక, అక్కడి నుంచి నటుల ముఖాలు కూడా చక్కగా కనిపిస్తాయి.

చిత్తూరు ఆడపడుచు, హైదరాబాదు:

మీ బావగారి మాటలో న్యాయం ఉంది. సురభి వారు మన సీమ వారే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన కుటుంబాల నాటక సమాజం అది. వారి ‘మాయాబజార్’లో లడ్డూలు ఎగిరి వెళ్లి ఘటోత్కచుడి నోట్లో పడుతుంటే, మీ అబ్బాయి కుర్చీలో కూర్చోడు. అయితే అటువంటి నాటకానికి మరీ ముందు వరుస వద్దు. నాలుగైదు వరుసలు వెనక కూర్చుంటే తీగలు కనిపించవు, తెరల మీద చిత్రించిన కోట పూర్తిగా కళ్లకు ఆనుతుంది.

కాని వారి ప్రదర్శనలు రోజూ ఉండవు. తేదీ ఖాయం చేసుకొని, అప్పుడు పద్మావతికో నారాయణాద్రికో రైలు టికెట్టు తీసుకోవాలి. గృహప్రవేశం ప్రయాణంతో దీన్ని కలపవద్దు. ఇంకొక మాట. ఇక్కడ ఒక సభా మందిరంలో ఆరు గంటలకు నాటకమని కరపత్రంలో చూసి మా అత్తగారిని తీసుకెళ్తే, శాలువాలు, జ్ఞాపికలు, ఉపన్యాసాలు ముగిసి తెర లేచేసరికి ఎనిమిది దాటింది. అప్పటికే ఆమెకు మందులు వేసుకునే వేళ అయింది. ఉచిత ప్రవేశమని ఉన్నచోట, నాటకం నిజంగా ఎప్పుడు మొదలవుతుందో ఫోను చేసి అడగడం మంచిది.

పద్యనాటక అభిమాని, తిరుపతి:

పై ఇద్దరూ చెప్పినవి సరైనవే కాని, అమ్మగారి అభిరుచిని ఎవరూ పట్టించుకోలేదనిపిస్తోంది. భారతం చూసిన కళ్లకు, ఒక బల్ల, రెండు కుర్చీలు వేసి మాటలతోనే నడిపే నాటకం చప్పగా ఉండవచ్చు. కన్నడ సంభాషణ సగమే అర్థమయ్యేటప్పుడు అది మరీ కష్టం. నా మాట వింటే కన్నడవారి యక్షగానం చూపించండి, పాట, ఆట, వేషం కలిసిన నాటకం అది. కరావళి, అంటే కర్ణాటక తీరప్రాంతపు మేళాలు (యక్షగాన బృందాలు) దీపావళి తరువాత మొదలుపెట్టి వేసవి చివరి దాకా తమ ఊళ్లలో ఆడి, వానాకాలంలో బెంగళూరు వంటి నగరాలకు వస్తాయి. మీరు వెళ్లేది సరిగ్గా అప్పుడే. జె.సి. రోడ్డులోని రవీంద్ర కళాక్షేత్రలో అవి జరుగుతూ ఉంటాయి. హైదరాబాదు రవీంద్రభారతి లాగే అదీ టాగోర్ పేరు మీద కట్టినదే కనుక, వెతికేటప్పుడు పేర్లు తారుమారు కాకుండా చూసుకోండి.

భాగవతుడు పాడుతుంటే, చెండె, మద్దెల మోగుతుంటే, కిరీటం పెట్టుకున్న వేషగాడు అడుగు వేయడం చూసి అమ్మగారు తమ ఊరి రంగాన్నే తలచుకుంటారు. గదాయుద్ధమో, అభిమన్యుడి కథో అయితే కన్నడం అడ్డే కాదు, కథ ఆమెకు మనకంటే బాగా తెలుసు. రాత్రంతా సాగే ఆటలు కాకుండా, మూడు గంటలకు కుదించినవి చూసి ఎంచుకోండి. పద్యం నచ్చితే ‘ఒన్స్ మోర్’ అనే అలవాటు ఆమెకు ఉంటే మాత్రం ముందే చెప్పి ఉంచండి. మన పద్యనాటకంలో అది నటుడికి గౌరవం, అక్కడ తాళం తప్పుతుంది.

తిరుపతి వాసి:

ముగ్గురికీ కృతజ్ఞతలు. సురభిని సంక్రాంతి సెలవులకు వాయిదా వేశాను. శనివారం యక్షగానం ఉంటే దానికి, లేకపోతే ఆదివారం మధ్యాహ్నం రంగశంకరకు వెళ్తాము. గదాయుద్ధం సంగతి చెప్పగానే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, మన భారతంలో లాగా అక్కడ కూడా వధ ఘట్టానికి మట్టితో దుర్యోధనుడి బొమ్మను చేస్తారా అని. నాకు తెలియలేదు, మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

పద్యనాటక అభిమాని, తిరుపతి:

చేయరు. అక్కడ దుర్యోధనుడు వేషం కట్టిన మనిషే, నీళ్లలో దాక్కొనే ఘట్టం కూడా అతడే ఆడి చూపిస్తాడు. అమ్మగారికి ముందే చెప్పి తీసుకెళ్లండి.