చిన్న అంకెకు పెద్ద ప్రాధాన్యమా, ప్రాధాన్యతా?

అరసున్న: మా చిన్న ఆఫీసు ఫోన్లను ఇంటర్నెట్ కాల్స్‌కి మారుస్తున్నాం. డీఎన్ఎస్‌లో (ఇంటర్నెట్ పేర్లకు అడ్రసులు చెప్పే పట్టికలో) ఎస్ఆర్‌వీ రికార్డు, అంటే కాల్స్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే లైను, రాస్తుంటే, ఎప్పుడో ఒక తెలుగు సెటప్ కాగితంలో చదివిన వాక్యం బుర్ర తొలిచేస్తోంది. "అంకె చిన్నదైతే ప్రాధాన్యత పెద్దది, భారం పెద్దదైతే..." ఆ తర్వాతి మాట ఎంతకీ గుర్తు రావట్లేదు. ఎవరికైనా తెలుసా?

తలకట్టు: తర్వాతి మాట సంగతి అలా ఉంచండి, ముందు అది ప్రాధాన్యం అయ్యుండాలి. ప్రధానం కాస్తా ప్రాధాన్యం అయ్యేసరికే భావనామం, అంటే గుణాన్ని చెప్పే నామవాచకం, అయిపోయింది, మళ్లీ ఆ త ఎందుకండీ? నైపుణ్యత, వైవిధ్యత అన్నీ ఈ కోవవే.

వలపలగిలక: అందరూ రాసేది ప్రాధాన్యత అనే. నన్నయ భారతం మొదట్లో రాసిన అవతారికలోనే "అక్షరరమ్యత" ఉందిగా, ఆయనకు లేని అభ్యంతరం మనకెందుకు?

తలకట్టు: రమ్యం విశేషణం, దానికి త చేరితేనే భావనామం. మీ ఉదాహరణ నా వైపే వచ్చింది. అన్నట్టు ఆ పద్యంలోనే "కలితార్థయుక్తి"యా "కవితార్థయుక్తి"యా అన్న గొడవ ఉంది కదా, ఒక్క అక్షరంతో సమాసం విడదీసే తీరే మారిపోతుంది. నా ఓటు కలితకే.

వలపలగిలక: నాది కవితకి. కథ, కవిత పక్కపక్కన ఉంటే ఆ అందమే వేరు.

పొల్లు: నన్నయ దగ్గరే ఆగిపోయేలా ఉన్నారు, పాపం అడిగినాయనకి ఫోన్లు మోగాలి కదా. అరసున్న గారూ, ఫోన్ సెట్టింగుల్లో సర్వర్ పేరు పక్కన 5060 అని పోర్టు (సర్వర్‌లో కాల్స్ అందుకునే ద్వారం నంబరు) కొడితే, ఆర్ఎఫ్‌సీ 3263 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ప్రకారం ఫోన్ ఎస్ఆర్‌వీ జోలికే పోదు, నేరుగా అడ్రస్ వెతుక్కుంటుంది. ఆ గడి ఖాళీగా వదలండి. అప్పుడు రికార్డులో చిన్న అంకె, అంటే 10 అని రాసిన సర్వర్‌ని ముందు పట్టుకుంటుంది, అది పలక్కపోతేనే 20 దగ్గరికి వెళ్తుంది. రెండిటికీ 10 అనే రాస్తే అప్పుడు భారం అనే రెండో అంకె చూస్తుంది, 60, 40 అని పెడితే కాల్స్ దాదాపు అదే దామాషాలో పోతాయి. కాబట్టి మీ వాక్యం చివర "వాటా పెద్దది" అనే ఉంటుంది.

అరసున్న: పోర్టు సంగతి మా వాళ్లకి రాసే కాగితంలో మొదటి లైన్‌గా పెడతా, చాలా థాంక్సండి. కానీ అది వాటా కాదు, చివర సున్న ఉన్న మాట.

వలపలగిలక: భాగం! భారం పెద్దదైతే భాగం పెద్దది. చెవికి ఎంత బాగుందో చూడండి.

తలకట్టు: బాగుంది, కానీ భారం అంటే ఆ సర్వర్ మీద ఇప్పటికే పడుతున్న పని అనుకుంటారు. తూకం అనాలి.

వలపలగిలక: తూకం పెడితే ఆ భకారాల జత పోతుంది, నేను ఒప్పుకోను.

పొల్లు: ఏ మాటైనా పెట్టండి గానీ, జోన్ ఫైల్లో (ఆ డీఎన్ఎస్ రికార్డులు రాసే ఫైల్లో) సర్వర్ పూర్తి పేరు చివర చుక్క మాత్రం మరవకండి. లేకపోతే మీ డొమైన్ పేరు దాని వెనక ఇంకోసారి అతుక్కుంటుంది.

తలకట్టు: ప్రాధాన్యానికి త అతుక్కున్నట్టే.

వలపలగిలక: ఆ త వాడుకలో పాతుకుపోయిందండి. నిఘంటువు తీసి రేపు రాస్తా.